రెండు కేంద్రాల మధ్య ఒక్క నౌక: సోయుజ్ టీ-15 ఏం చేసింది, ఎలా చేసింది

1986 మే 5న ఇద్దరు సోవియట్ వ్యోమగాములు, లియొనిద్ కిజీమ్, వ్లదీమిర్ సొలొవ్యోవ్, మీర్ అంతరిక్ష కేంద్రాన్ని ఖాళీ చేసి తమ నౌకలో బయలుదేరారు. అంతకుముందు ఏ కేంద్రాన్ని ఖాళీ చేసినవాళ్లయినా నేరుగా భూమికే దిగారు. వీళ్లు దిగలేదు. సుమారు 29 గంటలు కక్ష్యలోనే ప్రయాణించి, మర్నాడు సాల్యూట్-7 అనే ఇంకో కేంద్రానికి చేరుకున్నారు. అక్కడ 50 రోజులు ఉండి, పని ముగించుకుని, సామాను సర్దుకుని మళ్లీ మీర్‌కే తిరిగొచ్చారు. జులై 16న భూమికి చేరారు. వాళ్ల నౌక పేరు సోయుజ్ టీ-15. ఒకే ప్రయాణంలో రెండు అంతరిక్ష కేంద్రాల్లో ఉండి వచ్చిన మొదటి మనుషులు వీళ్లే. ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి వెళ్లి రావడం అన్నది ఆ తర్వాత దశాబ్దాలు గడిచినా మళ్లీ జరగలేదు.

ఈ ప్రయాణం గురించి రాసేటప్పుడు ‘మొదటిసారి’ అనే మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆ మాట నిజమే. అయితే ఈ ప్రయాణాన్ని ఎవరూ రికార్డు కోసం మొదలుపెట్టలేదు. అప్పుడు సోవియట్ ఇంజనీర్ల చేతిలో ఉన్నవి మూడు: పైకి పంపినా గదులింకా సిద్ధం కాని కొత్త కేంద్రం, సగంలో పని ఆగిపోయిన పాత కేంద్రం, పాత రకంలో చివరిగా మిగిలిన నౌక. విడివిడిగా చూస్తే మూడూ ఇబ్బందులే. వాటిని ఒకదానికొకటి జత చేసి ఒక్క ప్రయాణంగా మార్చడంలో ఉంది అసలు గొప్పతనం. అందుకే దీన్ని కొంచెం వివరంగా చూడాలి.

పూర్తికాకముందే గృహప్రవేశం

ముహూర్తం దాటిపోతుందని గోడలకు సున్నం ఆరకముందే గృహప్రవేశం చేసేసే ఇళ్లు మనకు తెలుసు. మీర్ సంగతి దాదాపు అంతే. 1986 ఫిబ్రవరి 20న బైకనూర్ ప్రయోగ కేంద్రం నుంచి మీర్ ప్రధాన భాగం పైకి వెళ్లింది. సరిగ్గా ఐదు రోజులకు, ఫిబ్రవరి 25న, మాస్కోలో కమ్యూనిస్టు పార్టీ 27వ మహాసభ మొదలైంది. మహాసభ నాటికి కొత్త కేంద్రం కక్ష్యలో ఉండాలన్న ఒత్తిడి గట్టిగా ఉండేది. అలాగే ఉంది కూడా. కానీ అది ఒక హాలు, రెండు చిన్న పడక అరలు ఉన్న ఖాళీ ఇల్లు. 20 టన్నుల పైచిలుకు బరువు, సుమారు 13 మీటర్ల పొడవు. దాని ప్రత్యేకత అంతా ముందువైపు ఉన్న గుండ్రటి భాగంలో ఉంది: అక్కడ ఐదు డాకింగ్ ద్వారాలు, వెనక ఇంకొకటి, మొత్తం ఆరు. తర్వాత్తర్వాత ఒక్కో గదీ వచ్చి అతుక్కోవడానికి చేసిన ఏర్పాటు అది. మొదటి గది క్వాంత్ వచ్చి చేరింది మాత్రం 1987 ఏప్రిల్‌లో. చివరిది 1996లో.

అంటే 1986 మార్చిలో మీర్‌కి వెళ్లినవాళ్లు చేయగలిగిన సైన్సు పని తక్కువ. దీపాలు వెలుగుతున్నాయా, గాలి శుభ్రపడుతోందా, కంప్యూటర్లు మాట వింటున్నాయా అని చూసుకోవడం, ప్రోగ్రెస్ సరుకు నౌకలు తెచ్చిన సామాను దింపి ఎక్కడివక్కడ బిగించుకోవడం, ప్రధానంగా ఇదే పని. కొత్త ఇంట్లో ఫ్యాన్లూ లైట్లూ బిగించుకునే రోజుల్లాంటివి.

ఇంకో చిక్కు నౌకది. మీర్ కోసం సోయుజ్ టీఎం అనే కొత్త రకం నౌకను తయారు చేస్తున్నారు. అది ఇంకా ఒక్కసారి కూడా ఎగరలేదు. మనుషుల్ని పంపాలంటే పాత సోయుజ్ టీ రకమే గతి, టీ-15 ఆ రకంలో చివరిది.

పాత ఇంట్లో మిగిలిపోయిన పని

సాల్యూట్-7ను 1982 ఏప్రిల్ 19న ప్రయోగించారు. దాని జీవితమంతా కష్టాలే. 1983 సెప్టెంబరులో ఇంధన వ్యవస్థ పైపు ఒకటి లీకైంది. 1985 ఫిబ్రవరిలో ఏకంగా కరెంటు మొత్తం పోయింది. బ్యాటరీలు నిండాయని ఒక సెన్సర్ తప్పుడు సంకేతం ఇవ్వడంతో సౌర పలకల నుంచి ఛార్జింగ్ ఆగిపోయింది, బ్యాటరీలు ఖాళీ అయ్యాయి, రేడియో మూగబోయింది, కేంద్రం గడ్డకట్టింది. ఆ ఏడాది జూన్‌లో సోయుజ్ టీ-13లో వెళ్లిన వ్లదీమిర్ జానిబెకోవ్, విక్తర్ సవినీఖ్ తిరుగుతున్న ఆ చచ్చిన కేంద్రానికి చేత్తో నౌకను నడిపి అతికించారు. లోపల మంచు పట్టిన గోడల మధ్య ఉన్ని టోపీలు పెట్టుకుని పని చేసి, బ్యాటరీలను నేరుగా సౌర పలకలకు కలిపి, కేంద్రానికి మళ్లీ ప్రాణం పోశారు.

అంత కష్టపడి బతికించాక అసలు పనులు మొదలుకావాలి. సెప్టెంబరులో టీ-14 వెళ్లింది. అక్టోబరు మొదట్లో కాస్మోస్-1686 అనే పెద్ద అనుబంధ నౌక పరికరాలతో వచ్చి అతుక్కుంది. అంతలో టీ-14 కమాండర్ వ్లదీమిర్ వాస్యూతిన్‌కు జబ్బు చేసింది. నయం కాలేదు. నవంబరు 21న అందరూ దిగిపోవాల్సి వచ్చింది. చేయాల్సిన స్పేస్‌వాక్‌లు ఆగిపోయాయి. కేంద్రం బయట తగిలించిన నమూనాలు అక్కడే ఉండిపోయాయి. కాస్మోస్-1686 తెచ్చిన పరికరాల్లో చాలావాటిని వాడుకోనేలేదు. మహిళా దినోత్సవానికి స్వెత్లానా సవీత్స్కయా నాయకత్వంలో ముగ్గురు మహిళల్ని ఈ కేంద్రానికి పంపాలన్న ఆలోచన కూడా అక్కడితో ఆగిపోయింది. ఆ బృందం ఎప్పటికీ ఎగరలేదు. ఈ మొత్తం కథలో మనసుకు కష్టం కలిగించే సంగతి ఇదొక్కటే.

కాబట్టి పాత కేంద్రానికి ఇంకోసారి మనుషులు వెళ్లి తీరాలి. కొత్త కేంద్రానికీ ఎవరో ఒకరు వెళ్లి తాళం తీయాలి. ఉన్నది మాత్రం ఒక్క నౌక.

రెండు గాజులు

రెండు కేంద్రాలూ భూమి చుట్టూ తిరుగుతున్నవే కదా, ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లడం ఏమంత కష్టం అనిపించవచ్చు. కష్టమంతా వంపులో ఉంది. ఒక నారింజకాయ చుట్టూ రెండు గాజులు తొడిగినట్టు ఊహించుకోండి. రెండూ ఒకే కోణంలో వంగి ఉన్నా, ఒకటి తూర్పుకు, ఇంకోటి ఉత్తరానికి వాలి ఉండవచ్చు. నౌక ఒక గాజు మీద సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతోంది. రెండో గాజు మీదికి రావాలంటే అంత వేగాన్నీ పక్కకు తిప్పాలి. లెక్క వేస్తే, కక్ష్య తలాన్ని ఒక్క డిగ్రీ తిప్పడానికే సెకనుకు దాదాపు 134 మీటర్ల వేగం మార్పు కావాలి. సోయుజ్ లాంటి చిన్న నౌక మొత్తం ప్రయాణానికి మోసుకెళ్లే ఇంధనంతో సాధించగలిగేది సెకనుకు కొన్ని వందల మీటర్ల మార్పు మాత్రమే. అందులో పైకి ఎక్కడానికి, డాకింగ్‌కి, చివర్లో కిందికి దిగడానికి వాటాలు తీసేస్తే మిగిలేది చాలా తక్కువ.

ఈ లెక్క ఎంత నిర్దయగా ఉంటుందో 2003లో కల్పనా చావ్లా ప్రయాణించిన కొలంబియా విషయంలో లోకం చూసింది. ఆ షటిల్ భూమధ్యరేఖకు 39 డిగ్రీల వంపు ఉన్న కక్ష్యలో ఉంది, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 51.6 డిగ్రీల కక్ష్యలో ఉంది. ప్రమాదం తర్వాత చాలామంది అడిగిన ప్రశ్న: రెక్క దెబ్బతిందని ముందే తెలిసి ఉంటే కేంద్రానికి వెళ్లి తలదాచుకునేవాళ్లు కదా? వెళ్లలేరు. ఆ 12.6 డిగ్రీల తేడాకు సెకనుకు దాదాపు 1.7 కిలోమీటర్ల వేగం మార్పు కావాలి. షటిల్ దగ్గర ఉండేది అందులో ఐదో వంతు. కళ్ల ముందే ఉన్న ఇల్లయినా, దారి లేనప్పుడు ఉన్నా లేనట్టే.

1986లో ఆ దారి ఉంది. ఎందుకంటే మీర్‌ను పంపినప్పుడే సాల్యూట్-7 తిరిగే గాజు మీదికే దాన్నీ చేర్చారు. రెండింటి వంపూ 51.6 డిగ్రీలే. అయితే వంపు కలిస్తే సరిపోదు, వాలిన దిక్కు కూడా కలవాలి. దాన్ని నిర్ణయించేది ప్రయోగం జరిగే క్షణం. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది కాబట్టి రాకెట్ నాలుగు నిమిషాలు ఆలస్యమైతే కక్ష్య దిక్కు ఒక డిగ్రీ తప్పుతుంది. పార్టీ మహాసభ ముహూర్తానికి కొన్ని రోజులు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఈ ముహూర్తానికి మాత్రం నిమిషాలే గడువు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. భూమి నడుము దగ్గర కొంచెం ఉబ్బెత్తుగా ఉండటం వల్ల ఈ ఎత్తుల్లో కక్ష్య తలం రోజుకు ఐదు డిగ్రీల దాకా పడమరకు జరుగుతూ ఉంటుంది. తక్కువ ఎత్తులో ఉన్నది కొంచెం వేగంగా జరుగుతుంది. రెండు కేంద్రాల ఎత్తుల్లో తేడా ఉంటే, ఈ రోజు కలిసి ఉన్న రెండు గాజులు కొన్ని నెలల్లో మెల్లగా విడిపోతాయి. అంటే ఈ ప్రయాణం ఎప్పుడు పడితే అప్పుడు చేయగలిగేది కాదు. దారి తెరిచి ఉన్న కొన్ని వారాల్లోనే వెళ్లాలి, రావాలి. మీర్‌కి తొలి మనుషులు అంత త్వరగా, ప్రధాన భాగం వెళ్లిన మూడు వారాలకే, ఎందుకు వెళ్లారో ఈ కోణంలో చూస్తే ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

తలుపు దగ్గర చిక్కు

మార్చి 13న టీ-15 బయలుదేరింది. సోవియట్ టీవీ దాన్ని ప్రత్యక్ష ప్రసారం చేసింది. గతంలో సోవియట్ పౌరులు మాత్రమే వెళ్లే ప్రయాణాల గురించి కక్ష్యలోకి చేరాకే చెప్పడం అలవాటు. సోవియట్ నాయకుడిగా గోర్బచేవ్ వచ్చి అప్పటికి ఏడాది. ఒక వారం ముందే సోవియట్ వేగా నౌకలు హేలీ తోకచుక్క దగ్గరికి వెళ్లి బొమ్మలు పంపాయి. అదే ఏడాది జనవరి 28న అమెరికా షటిల్ ఛాలెంజర్ పేలిపోయి ఏడుగురు చనిపోయారు, మిగతా షటిళ్లు నేల మీదే ఆగిపోయాయి. అందువల్ల టీ-15 పైన ఉన్న 125 రోజులూ భూమి మీద లేని మనుషులు కిజీమ్, సొలొవ్యోవ్ ఇద్దరే.

మార్చి 15న మీర్‌ను చేరేసరికి పాత నౌకకూ కొత్త కేంద్రానికీ భాష కుదరలేదు. మీర్ ముందు ద్వారం దగ్గర ఉన్నది కూర్స్ అనే కొత్త డాకింగ్ రేడియో వ్యవస్థ. టీ-15లో ఉన్నది ఈగ్లా అనే పాతది. ఈగ్లాకు బదులిచ్చే యాంటెన్నాలు మీర్ వెనక ద్వారం వైపే ఉన్నాయి. సరే, వెనక నుంచే అతుక్కుందామా అంటే, ప్రోగ్రెస్ సరుకు నౌకలకు కావాల్సింది ఆ ద్వారమే. కేంద్రంలోకి ఇంధనం పోసే పైపులు అక్కడే ఉన్నాయి. అందుకని నౌక ఈగ్లా సాయంతో వెనక వైపు నుంచి దగ్గరకు వచ్చింది. సుమారు 200 మీటర్ల దూరంలో కిజీమ్ ఆటోమేటిక్ వ్యవస్థను పక్కన పెట్టి, నౌకను చేత్తో నడుపుతూ కేంద్రం చుట్టూ తిప్పి, ముందు ద్వారానికి అతికించాడు. వెనక ద్వారం ఖాళీగా మిగిలింది. ఆరు రోజులకు ప్రోగ్రెస్-25 వచ్చి అక్కడ అతుక్కుంది.

డాకింగ్ అంటే ఈ రోజుల్లో మామూలు పనిలా వినిపిస్తుంది. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు 2025 జనవరి 16న కలిసేదాకా పడ్డ టెన్షన్ తెలుగువాళ్లు చాలామంది టీవీల్లో చూశారు. ఆగి, వెనక్కి జరిగి, మళ్లీ దగ్గరకు వచ్చి, అలా చేశారు. ఒక్కోటి 220 కిలోల ఉపగ్రహాలకే అంత జాగ్రత్త కావాలంటే, దాదాపు ఏడు టన్నుల నౌకను కిటికీలోంచి చూస్తూ, 20 టన్నుల కేంద్రం సౌర పలకలకు తగలకుండా చుట్టూ తిప్పి తీసుకురావడం ఎంత పనో ఊహించుకోవచ్చు.

29 గంటల దారి

యాభై రోజులు మీర్‌లో పని చేశాక మే మొదటి వారంలో సాల్యూట్-7కి వెళ్లే సమయం వచ్చింది. ఇక్కడ చేసిన లెక్క చాలా అందంగా ఉంటుంది. కక్ష్యలో ముందున్నదాన్ని అందుకోవాలంటే వేగం పెంచి దూసుకెళ్లడం కుదరదు. వేగం పెంచితే ఎత్తు పెరుగుతుంది, ఎత్తు పెరిగితే చుట్టు పెద్దదై ఇంకా వెనకబడతాం. అందుకోవాలంటే కిందికి దిగాలి. కింద చుట్టు చిన్నది, పరుగు ఎక్కువ. పది కిలోమీటర్లు కింద ఉంటే, ఒక్కో చుట్టుకు దాదాపు 94 కిలోమీటర్లు కలిసొస్తుంది.

బయలుదేరే ముందు రోజు, మే 4న, మీర్ కక్ష్యనే సుమారు 13 కిలోమీటర్లు తగ్గించారు. నౌక విడిపోయేటప్పటికి రెండు కేంద్రాల మధ్య దూరం దాదాపు 2,500 కిలోమీటర్లు. 29 గంటలంటే రమారమి 19 చుట్లు. ఒక్కో చుట్టుకు 130 కిలోమీటర్లు కలిసొస్తే సరిగ్గా సరిపోతుంది, దానికి కావాల్సిన ఎత్తు తేడా 14 కిలోమీటర్లు. తగ్గించిన 13కీ దీనికీ ఎంత దగ్గరగా ఉందో చూడండి. అంటే కేంద్రాన్ని కిందికి దించడంతోనే ప్రయాణంలో చాలా భాగం కుదిరిపోయింది. ఇందులో తెలివి ఏమిటంటే, ఖర్చయింది నౌక ఇంధనం కాదు, మీర్ ఇంధనం. మీర్‌కి ప్రోగ్రెస్ వచ్చి మళ్లీ ఇంధనం నింపుతుంది. సోయుజ్‌కి నింపే ఏర్పాటు లేదు. ఇంటికి దిగడానికి దాచుకోవాల్సిన చుక్కను దారిలో ఖర్చు పెట్టకుండా చూశారు. ఈ ప్రయాణం మొత్తంలో ఇంజనీర్ల మీద గౌరవం పెరిగే చోటు ఇదే.

వాళ్లు అటు వెళ్లాక మీర్ ఖాళీగా ఉంది. ఆ ఖాళీనీ వృథా చేయలేదు. మే 21న కొత్త రకం నౌక సోయుజ్ టీఎం-1ను మనుషులు లేకుండా పంపారు. 23న అది కూర్స్ వ్యవస్థతో మీర్‌కి అతుక్కుంది, 29న విడిపోయి మర్నాడు భూమికి దిగింది. ఎప్పుడూ ఎగరని నౌకను, ఎప్పుడూ వాడని రేడియో వ్యవస్థతో, మనుషులున్న కేంద్రం మీదికి పంపే ప్రమాదం తప్పింది. టీ-15 వదిలి వెళ్లిన ద్వారం దానికి పనికొచ్చింది.

తెలిసిన ఇల్లు

సాల్యూట్-7కి కిజీమ్, సొలొవ్యోవ్‌లనే ఎందుకు పంపారో చెప్పడానికి రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. 1984 ఫిబ్రవరిలో వీళ్లిద్దరూ, హృద్రోగ వైద్యుడు ఒలేగ్ అత్కోవ్‌తో కలిసి ఇదే కేంద్రానికి వెళ్లి 237 రోజులు ఉన్నారు. లీకైన ఆ ఇంధన పైపును బాగు చేసింది వీళ్లే. ఏప్రిల్, మే నెలల్లో వరసగా నాలుగుసార్లు బయటికి వెళ్లి పైతొడుగు కోసి, పైపులు వెతికి పక్కదారి పైపు బిగించారు. సౌర పలకలు పెంచడానికి ఇంకోసారి వెళ్లారు. చివరికి జులైలో జానిబెకోవ్ బృందం తెచ్చిన ప్రత్యేకమైన ప్రెస్సుతో ఆగస్టు 8న పాత పైపును నొక్కి మూసేశారు. మొత్తం ఆరు స్పేస్‌వాక్‌లు. ఆ కేంద్రంలో ఏ వైరు ఎటు పోతుందో, ఏ బోల్టు గట్టిగా ఉంటుందో చేతులకు తెలిసినవాళ్లు వీళ్లకన్నా ఎవరూ లేరు.

1984 ఏప్రిల్‌లో అదే కేంద్రంలో వీళ్లు ఆహ్వానించిన అతిథి రాకేశ్ శర్మ. పాటియాలాలో పుట్టినా పెరిగింది, చదువుకుంది హైదరాబాద్‌లో, సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు, నిజాం కాలేజీ. ఏప్రిల్ 3న సోయుజ్ టీ-11లో వెళ్లిన ఆయన, 11న తిరిగి దిగింది కిజీమ్ బృందం తెచ్చిన టీ-10లో. ఎక్కువ రోజులు పైనే ఉండేవాళ్లకు కొత్త నౌకను వదిలి, పాతదాన్ని అతిథులు తీసుకెళ్లే పద్ధతి అది. కిజీమ్ నౌకలో రాకేశ్ శర్మ, రాకేశ్ శర్మ నౌకలో కిజీమ్ భూమికి చేరారు. హైదరాబాద్ కుర్రాడు వారం రోజులు గడిపిన ఆ ఇంటికి ఆఖరిసారి వెళ్లి తలుపు మూసి వచ్చినవాళ్లు అప్పుడు ఆతిథ్యం ఇచ్చిన ఆ ఇద్దరే. మన పుస్తకాల్లో ఈ ముక్క పెద్దగా కనిపించదు. కనిపించాల్సింది.

1986 మే 28న ఇద్దరూ బయటికి వచ్చారు. ముందుగా, నెలల తరబడి అంతరిక్షంలో ఎండకీ చలికీ నానిన నమూనాల పళ్లేలను విప్పి లోపలికి చేర్చారు. అసలు పని ఆ తర్వాత మొదలైంది. గొట్టంలో మడిచి పెట్టిన ఒక లోహపు జాలీ స్తంభాన్ని విప్పాలి. మడిచి ఉన్నప్పుడు మనిషి మోయగలిగినంత మూట. విప్పితే పది మీటర్లు దాటే నిచ్చెన లాంటి కట్టడం. నిమిషాల్లో అది కేంద్రం నుంచి పైకి లేచింది. మళ్లీ మడిచారు. మే 31న రెండోసారి వెళ్లి దాన్ని తిరిగి లేపారు. ఈసారి కొసన కొలత పరికరాలు పెట్టి, అది ఎంత ఊగుతోంది, ఎంత వంగుతోంది అని చూశారు. ఎలక్ట్రాన్ పుంజంతో పనిచేసే చేతి పరికరంతో స్తంభం కీళ్లను వెల్డింగ్ చేసి చూశారు. బహిరంగ అంతరిక్షంలో చేత్తో వెల్డింగ్ చేసిన మొదటి మనిషి సవీత్స్కయా, 1984 జులైలో, ఇదే కేంద్రం మీద. ఆ పని చేసే పరికరాల్ని తయారు చేసింది కీవ్‌లోని పాతోన్ వెల్డింగ్ సంస్థ.

రెండు స్పేస్‌వాక్‌లు కలిపి దాదాపు తొమ్మిది గంటలు. బిగుసుకుపోయిన స్పేస్ సూటు చేతి తొడుగుల్లో ప్రతి పిడికిలీ ఒక వ్యాయామమే. టీ-14 వాళ్లు చేయాల్సి ఉండి చేయలేకపోయిన పని అది. పెద్ద పెద్ద కట్టడాలను కక్ష్యలో విప్పి నిలబెట్టవచ్చన్న నమ్మకం సోవియట్ ఇంజనీర్లకు ఇక్కడ బలపడింది. తర్వాత మీర్ మీద ఇంకా పెద్ద స్తంభాలు లేచాయి.

సామాను

జూన్ 25న సాల్యూట్-7 తలుపు మూశారు. అప్పటికి నౌక నిండా సామానే. దాదాపు 20 పరికరాలు, బరువు 400 కిలోల దాకా. విలువైనవి, పనిచేస్తున్నవి, మీర్‌లో ఇంకా లేనివి ఏరి తీసుకున్నారు. సోయుజ్ టీలో ముగ్గురు పట్టే చోటు ఉంది, వెళ్లింది ఇద్దరే కాబట్టి ఆ చోటూ కలిసొచ్చింది. భూమి నుంచి ఒక కిలో పైకి పంపాలంటే ఎన్నో కిలోల ఇంధనం మండాలి. అప్పటికే పైన ఉన్నదాన్ని పక్క కేంద్రానికి తీసుకెళ్లడం ఎంత పొదుపో చెప్పక్కర్లేదు. 26న మీర్‌కి చేరారు. ఇంకో 20 రోజులు అక్కడ ఉండి, జులై 16న కజకిస్తాన్‌లోని అర్కలీక్ దగ్గర దిగారు.

దీన్ని ప్రచారం కోసం చేసిన విన్యాసం అనేవాళ్లు ఉన్నారు. ప్రచారం ఉంది, కాదనక్కర్లేదు. మహాసభ కోసం తొందరపడటమూ నిజమే. గదులు సిద్ధమయ్యాక మీర్‌ను పంపి ఉంటే మొదటి ప్రయాణంలోనే ఎక్కువ సైన్సు జరిగేదన్న వాదనలో బలం ఉంది. కానీ తొందర నిర్ణయం పైనుంచి వచ్చాక, దాన్ని వృథా పోనివ్వకుండా ఒక్క నౌకతో కొత్త కేంద్రాన్ని పరీక్షించి, పాత కేంద్రం బాకీ తీర్చి, కొత్త నౌక పరీక్షకు చోటు చూపించి, సామాను కూడా మార్చిన మనుషుల పనిని ఆ తొందరతో కలిపి కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఈ ప్రయాణంతో కిజీమ్ మూడు ప్రయాణాల్లో కలిపి 374 రోజులు అంతరిక్షంలో గడిపి, మొత్తం ఏడాది దాటిన మొదటి మనిషి అయ్యాడు. సొలొవ్యోవ్‌కి లెక్క 361 దాటి ఆగింది, ఏడాదికి మూడు నాలుగు రోజులు తక్కువ. ఆయన తర్వాత భూమి మీద కంట్రోల్ సెంటర్‌లో కూర్చుని మీర్ ప్రయాణాలను నడిపించాడు. ఆ తర్వాత అంతర్జాతీయ కేంద్రంలో రష్యా భాగానికీ ఫ్లైట్ డైరెక్టర్ అయ్యాడు. కిజీమ్ 2010లో చనిపోయాడు.

సాల్యూట్-7ను 1986 ఆగస్టులో పైకి నెట్టి, సుమారు 475 కిలోమీటర్ల ఎత్తులో ఉంచారు. ఏళ్ల తరబడి అక్కడే ఉంటుందని, సోవియట్ షటిల్ బురాన్ తయారయ్యాక వెళ్లి చూడవచ్చని అనుకున్నారు. బురాన్ 1988లో ఒక్కసారి, మనుషులు లేకుండా ఎగిరి ఆగిపోయింది. సూర్యుడి చురుకుదనం పెరిగి పై వాతావరణం ఉబ్బింది. కేంద్రం అనుకున్నదానికన్నా ముందే కిందికి జారింది. 1991 ఫిబ్రవరి 7న, కాస్మోస్-1686తో సహా, అర్జెంటీనా మీద రాలింది. కపితాన్ బెర్ముదెస్ అనే ఊరి చుట్టుపక్కల కాలిన లోహపు ముక్కలు దొరికాయి. ఆ ముక్కల్లో జానిబెకోవ్ మంచు తుడిచిన గోడలు ఉండి ఉంటాయి, కిజీమ్ నొక్కి మూసిన పైపు ఉండి ఉంటుంది. ఐదేళ్ల కిందట సోయుజ్ టీ-15లో మీర్‌కి మారిన ఆ 20 పరికరాలు మాత్రం వాటిలో లేవు.